ఎర్రబాణం ఎవరిది?

న్యూజిలాండ్‌లోనూ మన లాగే రోడ్డుకు ఎడమ పక్కనే బండి నడుపుతారు కాబట్టి అక్కడ కారు అద్దెకు తీసుకోవడానికి జంకనక్కర్లేదని బెంగళూరు మారతహళ్లిలోని మా తెలుగు మిత్రులందరూ ధైర్యం చెప్పారు. ఆ ధైర్యమే నన్ను కొంత ఏమరుపాటులో పడేసింది. బయలుదేరే ముందు బెంగళూరు ఆర్టీవో కార్యాలయంలో ఫారం 4ఏ నింపి, 1000 రూపాయల రుసుము కట్టి, ఏడాదిపాటు చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను. అది మన లైసెన్సుకు తోడే తప్ప బదులు కాదు. అసలు కార్డు కూడా జేబులో ఉండి తీరాలి.

క్వీన్స్‌టౌన్‌లో కారుతోపాటు ఆరేళ్ల మా అమ్మాయికి పిల్లల సీటు కూడా తీసుకున్నాం. ఏడేళ్లు నిండేదాకా అక్కడ అది చట్టరీత్యా తప్పనిసరి. అమ్మ ఒళ్లో ప్రయాణానికి అలవాటుపడిన పిల్ల బయలుదేరినప్పటినుంచీ అలిగి కూర్చుంది.

హాస్ట్ కనుమ మీదుగా పడమటి తీరానికి సాగే 6వ నంబరు రహదారిలో ఒక్క బండికే చోటున్న వంతెనలు తరచూ ఎదురవుతాయి. నీలిరంగు పలక మీద మన దిశలో పెద్ద తెల్లబాణం ఉంటే ముందు వెళ్లే హక్కు మనది. ఎర్ర అంచున్న గుండ్రటి పలకలో మన దిశలో చిన్న ఎర్రబాణం ఉంటే ఎదుటివారు దాటేదాకా ఆగాలి. చదివినప్పుడు ఇంతేనా అనిపించింది. కానీ మారతహళ్లి దగ్గరి పణత్తూరు రైలు వంతెన కింది ఇరుకుదారిలో, ముందుగా ముక్కు దూర్చినవాడిదే దారి అన్న లెక్కన ఏళ్ల తరబడి నడిపినవాడి కంటికి బాణాలు ఎక్కడ ఆనుతాయి?

వాన తుంపరలో ఒక వంతెన దగ్గర, ఎదురుగా వచ్చే క్యాంపర్‌వ్యాన్ ఇంకా దూరంగానే ఉంది కదా అనుకుని, "ఎర్రబాణం మనకేనండీ" అని మా ఆవిడ చెబుతున్నా వినకుండా ఎక్కేశాను. సగం దాటేసరికి ఆ బండి అవతలి కొసన ఎక్కి ఆగింది. హారన్ మోగలేదు, లైట్లు మినుకుమనలేదు. తెల్లజుట్టు పెద్దాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అంతకన్నా నాలుగు తిట్లే నయం. పక్క అద్దాల్లో వంతెన కమ్మీలను చూసుకుంటూ, చెమటలు కక్కుతూ, మెల్లగా వెనక్కి వచ్చాను. ఆయన దాటిపోతూ స్టీరింగు మీంచి ఒక్క వేలు పైకెత్తి పలకరించాడు.

అప్పటినుంచి పలకలు చూసి చెప్పే పనిని అమ్మాయికి అప్పగించాం. దాంతో ఆమె అలకా తీరింది. గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లని ఉన్నా, మలుపుల ముందు పసుపు పలకలు చూపే తక్కువ అంకెనే నమ్ముకున్నాను. వెనక రెండు మూడు కార్లు చేరితే పక్కకు తీసి దారిచ్చాను.

హాస్ట్ నది మీది వంతెన పొడవు 700 మీటర్ల పైమాటే, అదీ ఒంటి వరుసే. ఎదురుబండికి తప్పుకోవడానికి నడుమ కొన్ని చోట్ల వెడల్పుగా కట్టారు. దూరాన ఒక కారు కనబడగానే అలాంటి చోట పక్కకు తీసి ఆగాను. అది దాటుతున్నప్పుడు నేనూ ఒక వేలు పైకెత్తాను.