కంటి చుక్కకి ఊపిరి బిగిసింది

మొన్న చెకప్‌లో కంటి ప్రెషర్ కుడి 15, ఎడమ 16 అన్నారు. డిసెంబరులో 28, 30 ఉండేవి. భయం కాస్త తగ్గింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడే రాసి ఉంటే తిట్లు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కళ్లద్దాలు మార్పించుకుందామని వెళితే నీటికాసులు అన్నారు, అదే గ్లకోమా, కంటి లోపలి ప్రెషర్ పెరిగి చూపు మెల్లగా పోయే జబ్బు. నొప్పి లేదు, ఎరుపు లేదు, పక్కనున్న గిన్నె కనపడక తన్నేస్తుంటే వయసు అనుకున్నాను. చీకటి గదిలో లైటు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష చేసి, పోయిన చూపు తిరిగి రాదమ్మా, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు. మా నాన్నకి చివర్లో చూపు పోతే శుక్లాలు అనుకుని ఊరుకున్నాం. ఇప్పుడు అనుమానంగా ఉంది.

ఒకే సీసాలో రెండు మందులున్న చుక్కలు రాశారు, డోర్జోలమైడ్, టిమోలాల్. వేర్వేరు సీసాలైతే ఒకటి వేశాక ఐదు నిమిషాలు ఆగి రెండోది వేసుకోవాలట, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుందట, ఇదైతే ఆ గోల లేదు. షుగరు, బీపీ ఉన్నాయా అని అడిగారు, లేవన్నాను. ఉబ్బసం ఉందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి ఉంది, చలికాలంలో పంపు రెండుసార్లు పీలిస్తే సర్దుకునేది, కంటి డాక్టరు దగ్గర దాని ఊసెందుకు అనుకున్నాను. ఒడియాలో కూడా శ్వాస అంటే శ్వాసే కదా, ఒక్క ముక్క అడిగి ఉంటే చెప్పేదాన్ని.

రెండో రోజు నుంచే దగ్గు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే అక్కడి కాంపౌండర్ నవ్వాడు. "కంటి చుక్కకీ ఊపిరికీ ఏం సంబంధం అమ్మా, మంచు పడుతోంది, ముసుగేసుకుని పడుకో." ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పెద్దమనిషి చెప్పాడు కదా అని నేను నిజంగానే ముసుగేసుకుని పడుకున్నాను, చుక్కలు వేసుకుని మరీ.

నాలుగో రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. గాలి లోపలికి పోతోంది గానీ బయటికి రావడం లేదు, ఛాతీలో పిల్లి కూతలు. పంపు నాలుగుసార్లు పీల్చినా ఎప్పటిలా పని చేయలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మంచం పట్టీ పట్టుకుని కూర్చుని, మా మనవరాలి స్కూలు బ్యాగు వంక చూస్తూ, దీని పెళ్లి చూడనన్నమాట అనుకున్నాను. కొడుకు బైక్ మీద నన్ను మధ్యలో కూర్చోబెట్టి, వెనక నుంచి కోడలు ఒడిసి పట్టుకుంటే ఆసుపత్రికి చేరాం.

అక్కడ డ్యూటీలో ఉన్నది చిన్నపిల్ల, ఒడియా డాక్టరమ్మ. ఆవిరి మందు పెట్టి, నాడి చూసి ముఖం ముడుచుకుంది. ఆయాసపడే మనిషికి గుండె దడదడలాడాలి, నాకు 50 దగ్గరే ఉంది. "ఏం మందులు వాడుతున్నావు మావుసీ?" అంటే ఏమీ లేవన్నాను. చుక్కలు మందని నాకు తోచలేదు! కోడలే పర్సులోంచి సీసా తీసింది. ఫోన్ లైటు వేసి ఆ చీమ అక్షరాలు చదివి, టిమోలాల్, ఇదే, ఆపేయండి, తెల్లారగానే కంటి డాక్టర్ని కలవండి అంది డాక్టరమ్మ. కంట్లో వేసింది మూలనున్న సన్న గొట్టం గుండా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుందట, ఉబ్బసం ఉన్నవాళ్లకి అది ఊపిరితిత్తులను బిగించేస్తుందట. ఆ పిల్లకి దండం పెట్టాలి, పేరు కూడా అడగలేదు నేను.

కంటి డాక్టరు సారీ అనలేదు. చీటీ మీద ఎర్ర పెన్నుతో ఆస్తమా అని పెద్దగా రాసి, టిమోలాల్ లేని జంట మందు ఇచ్చారు, బ్రింజోలమైడ్, బ్రిమోనిడిన్ కలిపింది. పాలలా తెల్లగా ఉంటుంది, ఊపి వేసుకోవాలి. నోరు చేదు, ఎండిపోవడం, మధ్యాహ్నం కాస్త మగత. ఊపిరి మాత్రం హాయిగా ఆడుతోంది. కోపం వస్తుంది, అయినా ఆయన దగ్గరికే వెళుతున్నాను, ఇంకొకరంటే విశాఖ పోవాలి మరి.

మీరూ కంటి చుక్కలు వాడుతుంటే ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నాయని అడగకపోయినా చెప్పండి. చుక్క వేశాక కన్ను మూసి ముక్కు పక్కన మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. ఇది ఆ కంటి డాక్టరు రెండోసారి చెప్పిన మాట, మొదటిసారి చెప్పి ఉంటే బాగుండేది. మీ అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి, పిల్లలకి కూడా కంటి ప్రెషర్ చూపించండి, ఇది ఇంటివారసత్వంగా రావచ్చు.

రథసప్తమికి అరసవల్లి వెళ్లి వెండి కళ్లు సమర్పించుకున్నాను. మా పక్కింటి అప్ప, స్వామికి అప్పజెప్పావు కదా, ఇంక చుక్కలెందుకే అంది. సాయంత్రం ఆరింటికి అలారం మోగితే క్యూలోనే నిలబడి వేసుకున్నాను. ముందున్న ముసలావిడ, నాకూ ఇలాంటి సీసాయే ఇచ్చారమ్మా, ఒకసారి చూడు అని కొంగుముడి విప్పింది. దాన్ని దూరంగా పట్టుకుని పేరు చదవబోతూ అడిగాను, "పెద్దమ్మా, నీకు ఆయాసం ఉందా?"