ఫోన్‌లో విన్న తిరుగుబాటు

నిన్న సిడ్నీలో ఒక చిన్న థియేటర్‌లో ఫిలిప్పినో కుటుంబం మీద నాటకం చూశాను. 1986 ఫిబ్రవరిలో మనీలా జనం ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్‌ని గద్దె దింపిన రోజుల కథ. అయినా స్టేజీ మీద జెండాల్లేవు, ట్యాంకుల్లేవు. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో ఒక వంటగది, గోడకి ఫోను, మూలన సగం నింపిన బాలిక్‌బయాన్ పెట్టె. అంతే.

విదేశాల్లో ఉన్న ఫిలిప్పినోలు ఇంటికి సరుకులు పంపే పెద్ద అట్టపెట్టె అది. నాటకంలో తల్లి నర్సు. షిఫ్ట్ దిగొచ్చి, షూ కూడా విప్పకుండా కార్న్‌డ్ బీఫ్ డబ్బాలు, సబ్బులు, చాక్లెట్లు సర్దుతుంది. ఎక్కడ సందు మిగిలితే అక్కడ మేజోళ్లు కుక్కుతుంది. టేపుని పళ్లతో తెంపుతుంది. నేనూ నర్సునే. ఒకసారి షూ విప్పి కూర్చుంటే ఇక లేవలేమని నాకు బాగా తెలుసు. ఆ నటి ఎవరో గానీ, మమ్మల్ని దగ్గరగా చూసిన మనిషి.

మార్కోస్ 1972లో మార్షల్ లా (సైనిక పాలన) పెట్టాడు. 1974 లేబర్ కోడ్‌తో మనుషుల్ని విదేశాల్లో పనికి పంపడం సర్కారు విధానమే అయిపోయింది. తల్లి దేశం వదలడానికీ, మనీలాలో ఉండిపోయిన పెద్దకొడుకు రోడ్డెక్కడానికీ కారణం ఒకే పాలన. ఈ మాట ఎవరూ పైకి అనరు, కానీ ప్రతి సీన్‌లోనూ తెలుస్తూనే ఉంటుంది.

ఫిబ్రవరి 22 అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగుతుంది. మనీలా ఆర్చిబిషప్ కార్డినల్ సిన్, చర్చి వాళ్ల రేడియో వెరితాస్‌లో జనాన్ని మనీలాలోని ఎడ్సా రోడ్డు మీదకి రమ్మంటున్నాడు. కొడుకు రిసీవర్‌ని రేడియో పక్కన పెడతాడు. ఇక్కడ తల్లీ కూతురూ ఒకే రిసీవర్‌కి చెవులు ఆనించి వింటారు. గరగరమనే ఆ గొంతు తప్ప హాల్లో చప్పుడు లేదు. వెళ్లొద్దని చెప్పడానికి తల్లి నోరు తెరుస్తుంది. తీరా వచ్చిన మాట, "అన్నం తిన్నావా?"

ఫిబ్రవరి 25 రాత్రి మార్కోస్ దేశం వదిలాడన్న కబురుతో మొదటి భాగం అయిపోతుంది.

రెండో భాగం 2022లో. మార్కోస్ కొడుకే అధ్యక్షుడిగా గెలిచాడు. తల్లి లేదు. పెద్దన్న మనీలా నుంచి వచ్చాడు, చెల్లెలు ఇక్కడి నుంచే మార్కోస్ కొడుక్కి ఓటేసింది. ఇక్కడ డైలాగులు కొంచెం ఉపన్యాసంలా సాగాయి, నిజమే. కానీ ఆ చెల్లెలు ఒక మాట అంటుంది: "నువ్వు నాలుగు రోజులు రోడ్డు మీద నిలబడ్డావ్ కూయా (అన్నయ్యా). అమ్మ ముప్పై ఏళ్లు వార్డులో నిలబడింది. తన కోసం ఎవరు ఊరేగారు?"

అన్న జవాబు చెప్పడు. నాకైతే చెప్పాలనిపించింది. ఆ నాలుగు రోజులు జనం ట్యాంకులకి అడ్డంగా కూర్చోకపోతే, ఆ నియంత ఇంకెన్నాళ్లు ఉండేవాడో! తల్లి కష్టానికి బదులు తీర్చడమంటే, ఆమెని ఇల్లు వదిలేలా చేసిన పేరుకే ఓటెయ్యడం కాదు. అలాగని చెల్లెలి కోపం అబద్ధమనీ అనలేను.

మా వార్డులో ఒక ఫిలిప్పినో సీనియర్ నర్సు ఉన్నారు. ఆ రోజుల్లో ఆవిడ మనీలాలో కాలేజీలో ఉన్నారని మాత్రం తెలుసు. ఎప్పుడూ ఇంకేం అడగలేదు. శనివారం ఆఖరి షోకి ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను.