చలివేంద్రం కట్టలో టీ బిల్లు

అనంతపురంలోని మా లయన్స్ క్లబ్బుకు నేను కోశాధికారిని. సభ్యులం 32 మందిమి. క్లబ్బు సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఆదాయపు పన్ను శాఖకు మాత్రం మార్చి 31 నాటి లెక్క కావాలి. కనుక ఏటా రెండుసార్లు పద్దులు తేల్చాల్సిందే.

పుస్తకాలూ రెండే. సభ్యుల చందాలు నిర్వహణ ఖాతాలో పడతాయి. లయన్స్ పై శాఖలకు కట్టేవి, హాలు అద్దె, కాఫీలు, టీలు అన్నీ అందులోంచే. జనం ఇచ్చింది సేవా ఖాతాకు వెళ్తుంది. అది తిరిగి జనానికే చేరాలి.

జూన్ 30 రాత్రి సేవా ఖాతాలోని చలివేంద్రం ఓచర్లు విప్పాను. మొదటిది బానలది. కుమ్మరాయన దగ్గర బిల్లు పుస్తకం ఉండదు. "ఆరు బానలకు 1,500 ముట్టింది" అని నేనే తెల్లకాగితం మీద రాస్తే, ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. కాగితం అంచున ఎర్రమట్టి వేలిముద్ర అలాగే ఉంది. తర్వాత ట్యాంకరు నీళ్లవి, పందిరి తాటాకులవి. వాటి కింద 340 రూపాయల టీ బిల్లు! ప్రారంభం రోజు మేం తాగిన టీలు.

"340కి ఇంత పట్టింపు ఎందుకమ్మా?" అన్నారు అధ్యక్షులు ఫోనులో. ఆయన మంచి మనిషి, ఏటా అందరికంటే ఎక్కువ ఇచ్చేదీ ఆయనే. కానీ నాకు ఏప్రిల్‌లో గడియార స్తంభం దగ్గర నీళ్లు తాగిన ముసలమ్మ గుర్తొచ్చింది. కొంగుముడి విప్పి, మడతలు పడ్డ 20 రూపాయల నోటు నా చేతిలో పెట్టింది. రసీదు రాస్తుంటే, "నాకెందుకు తల్లీ చీటీ, ఇంకో బిందె పోయించు" అంది. ఆ నోటుతో మేం టీ తాగకూడదు. ఈ మాటే అధ్యక్షులకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ఉదయాన్నే నిర్వహణ ఖాతా చెక్కు మీద సంతకం చేసి పంపారు.

దాతలకు ఒక మనవి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మీ ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. దయచేసి చెక్కు రూపంలోనో ఫోను ద్వారానో పంపండి. ఎవరెంత ఇచ్చారో మే 31లోగా మేం ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయాలి. పేరు, పాన్ సంఖ్య సరిగా ఇస్తేనే మీ ధ్రువపత్రం సరిగా వస్తుంది.

శుక్రవారం రెండు పుస్తకాలూ ఆడిటరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కుమ్మరాయన కాగితాన్ని, మట్టి రాలకుండా, విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టాను.