చిన్నాయన కండ్లు

మంగళవారం. పొద్దుగాల్నే చిన్నాయన చండూరు బస్సు దిగి నల్లగొండ గడియారం సెంటర్ల నిలబడ్డడు. దూరంకెళ్లి చూస్తే ఎవరినో కొట్టనీకి వచ్చినట్టే ఉన్నడు. ఆర్నెల్ల సంది ఊర్లె అందరిదీ ఒకటే మాట, "ఏందే, గుడ్లురుముతున్నవ్?" అని. పాపం, ఆయన ఉరుముతలేడు. పైరెప్ప మీదికి గుంజుకపోయి నల్లగుడ్డు పైన తెల్లది కనబడుతున్నది, అంతే.

థైరాయిడ్ ఎక్కువున్నదని నిరుడే తేలింది. గోళీలు మింగుతనే ఉన్నడు. కండ్లెర్రబడి నీళ్లు కారుతుంటే ఒక దవాఖానల దుమ్ము అలర్జీ అని నాలుగు నెలలు చుక్కలతోనే నెట్టుకొచ్చిన్రు. ఊరోళ్లేమో ఫ్లోరైడ్ నీళ్లన్నరు. మా దిక్కు పన్ను పచ్చబడ్డా, మోకాలు నొచ్చినా ఫ్లోరైడే. వాటికి నిజమే కావచ్చు గని, కండ్లకు గూడ దాన్నే అంటగడితే ఎట్ల?

ఇయ్యాల్టి కండ్ల డాక్టరమ్మ ముందుగాల పాత ఫోటో అడిగింది. ఫోన్ల చెల్లె పెండ్లి ఫోటో తీసిచ్చిన. ఫోటోను, మనిషిని మార్చి మార్చి చూసింది. కంటి పక్క ఎముకకు స్కేలు లాంటిది ఆనిచ్చి గుడ్డు ఎంత ముందుకొచ్చిందో కొలిచింది: కుడి 21, ఎడమ 19 మిల్లీమీటర్లు. మందు సీసా ఎర్ర మూత ఒక్కో కంటికి చూపిచ్చి, "రెండింటికీ ఒకే ఎరుపు కనిపిస్తోందా?" అన్నది. ఒక్కతీరే ఉన్నదన్నడు. ఒక కంటికి అది వెలిసినట్టు కనబడ్డదంటే లోపల నరం నలుగుతున్నదేమోనట, తెల్లారేదాక గూడ ఆగొద్దంట.

"థైరాయిడ్ రిపోర్టు నార్మలొచ్చింది గదమ్మా, మరి కండ్లెందుకు ఇట్లయినయ్?" అన్నడు చిన్నాయన.

థైరాయిడ్‌ను రెచ్చగొట్టే యాంటీబాడీలే కంటెనక కొవ్వును, కండరాలను గూడ పడతయట. అవి వాస్తే గుంటల జాగ సాలక గుడ్డు ముందుకొస్తది. గోళీలతోని థైరాయిడ్ దారికొచ్చినా కంటి వాపు దాని తొవ్వల అదే పోతది. డబ్లిన్ల గ్రేవ్స్ అనే డాక్టరు 1835లనే ఇసొంటి కండ్ల గురించి రాసిండట, అందుకే రోగానికి ఆయన పేరు.

"ఇది ఆడోళ్ల రోగం గద బిడ్డా" అని నా చెవుల గొణిగిండు. ఆడోళ్లకే ఎక్కువ, గని మొగోళ్లకొస్తే కండ్ల మీద ఇంకా గట్టిగ కూసుంటదట. బీడీ, సిగరెట్ తాగేటోళ్లకైతే మరీ.

బీడీ మాట రాంగనే చిన్నాయన చెయ్యి అంగీ జేబు మీదికి పోయింది.

రాత్రికి జెల్, తలకింద రెండు దిండ్లు, ఆర్నెల్లు సెలీనియం గోళీలు. ముదిరితే స్టెరాయిడ్ ఇంజక్షన్లు.

బస్టాండ్ల నన్ను పక్కకు పిలిచి, "బీడీ అన్నది గని, చుట్ట మాట అనలే గద?" అన్నడు. నేనేం మాట్లాడలే, చెయ్యి చాపిన. బీడీ కట్ట ఇచ్చిండు. అగ్గిపెట్టె మాత్రం ఇయ్యలే. పొయ్యికి కావాల్నట.