పరుగెత్తని ‘రన్’

‘రన్’ అంటే పరుగెత్తడమని మన పిల్లలు చిన్న తరగతుల్లోనే నేర్చుకుంటారు గానీ, ఆ మాట తరచుగా వినిపించే చోట్ల కాళ్లతో పరుగెత్తేవారు కనిపించడం అరుదు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండవ కూర్పులో 430 అర్థాలతో ‘సెట్’ అనే క్రియ అన్నింటికన్నా ముందుండగా, మూడవ కూర్పు కోసం 2011 నాటికి సవరించిన ‘రన్’ 645 అర్థాలతో దానిని దాటిపోయింది.

ఇవన్నీ బట్టీ పట్టనక్కరలేదని నా అభిప్రాయం. చాలావాటికి మూలం ఎడతెగక సాగడం అనే ఒక్క భావమే. ఇంగ్లీషు ఆ భావాన్ని ఒకే క్రియకు అప్పగించింది. తెలుగు పలువురికి పంచిపెట్టింది. పెన్నలో నీరు పారుతుంది, జలుబు చేస్తే ముక్కు కారుతుంది, వడ్లను మర ఆడిస్తాం, కొట్టు నడుపుతాం.

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉన్న మనిషికి యజమాని ఫోన్ చేస్తే, ముందుగా అడిగేది ‘ఏరియేటర్లు తిరుగుతున్నాయా?’ అనే. చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలవి. చీకటి పడ్డాక నీటిలోని పాచి ప్రాణవాయువును విడుదల చేయకపోగా ఉన్నదాన్నే వాడుకుంటుంది కనుక, తెల్లవారుజామున అవి ఆగిపోతే రొయ్యలు ఊపిరాడక నీటిపైకి తేలతాయి. ఇంగ్లీషులో ఆ ఏరియేటర్లు ‘రన్’ అవుతాయి, కరెంటు పోతే వేసే జనరేటర్ డీజిల్‌పై ‘రన్’ అవుతుంది, ఆ డీజిల్ నిండుకుంటే ‘రన్ అవుట్’, ఆ చెరువును సాగుచేసే ఆసామి చేసేదీ ‘రన్’ చేయడమే. ఇంతలో గట్టు మీద ఎవరూ ఒక్క అడుగు వేయలేదు.

రైళ్ల సంగతి ఇంకా వింత. నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా విజయవాడకు పోయే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఇంగ్లీషు ప్రకటనలో ‘రన్నింగ్ లేట్’, తెలుగు ప్రకటనలో ‘ఆలస్యంగా నడుస్తున్నది’. సిగ్నల్ కోసం బిట్రగుంట దగ్గర కదలకుండా నిలిచిపోయినా ఒకరి లెక్కలో అది పరుగెడుతూనే, మరొకరి లెక్కలో నడుస్తూనే ఉంటుంది!

ఎన్నికల్లో అమెరికావారు ‘రన్’ అవుతారు, బ్రిటన్‌వారు మనలాగే నిలబడతారు. క్రికెట్‌లో మాత్రం మనమూ ఇంగ్లీషు దారినే పోయి, బంతి బౌండరీ దాటితే ఎవరూ పరుగెత్తకుండానే నాలుగు పరుగులు వేసుకుంటాం.

నిజంగా జాగ్రత్తపడవలసింది వెనక వచ్చే చిన్న మాటల దగ్గర. లారీ డివైడర్‌ను ఢీకొన్నా, ఒంగోలు బస్టాండులో మన మేనమామ అనుకోకుండా తారసపడినా ‘రన్ ఇంటు’ అనే అంటారు. కానీ ఆ మేనమామ విషయంలో ‘ఇంటు’ బదులు ‘ఓవర్’ అన్నామా, మనం ఆయన మీదుగా బండి పోనిచ్చామని అర్థం.