ట్రాక్టర్ వెనక ట్రక్కు ఉన్నప్పుడు రివర్స్ చేయడం

మొన్న దాళ్వా (రెండో పంట) కోతల్లో మా మేనల్లుడు మొదటిసారి ట్రాక్టర్‌కి ధాన్యం ట్రక్కు (వెనక తగిలించే తొట్టి) తగిలించి ఇంటిదాకా తోలుకొచ్చాడు. 70 బస్తాలు, బస్తా 75 కిలోలు, అంటే ఐదు టన్నుల పైమాటే. వీధిలోంచి వెనక్కి పెట్టి పాకలోకి చేర్చాలి. వాడు రివర్స్ గేరు వేశాడో లేదో అరుగుల మీద నుంచి నలుగురు లేచారు, ఒకాయన కుడికి కొట్టమంటాడు, ఇంకొకాయన ఎడమకి అంటాడు, మూడో ఆయన "రా, రా, ఇంకా రా" అంటూనే ఉన్నాడు. "ఒరేయ్, ఇంజను ఆపి దిగరా" అన్నాను. ఇద్దరం వెనక్కి వెళ్లి చూస్తే పక్కింటి మూడేళ్ల పాప ట్రక్కు నీడలో కూర్చుని, రాలిన గింజలు ఏరుకుంటోంది.

సీటు మీద నుంచి వాడికి కనిపించేది బస్తాలు మాత్రమే. ఎంత మెడ తిప్పినా ఆ పాప కనిపించదు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ముందుగా చెప్పేది, దిగి ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. పిల్లలు, పడుకున్న కుక్క, బోదె అంచు, మెత్తబడిన గట్టు, పైన కరెంటు తీగ, అన్నీ. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా సరే, రోజుకి పదిసార్లు వెనక్కి పెట్టాల్సి వస్తే పదిసార్లూ దిగాలి.

ఇక స్టీరింగ్ సంగతి. రెండు చక్రాల ట్రక్కు వెనక ఉంటే, రివర్స్‌లో స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రక్కు తోక ఎడమకి పోతుంది. కొత్తవాళ్లకి టెన్షన్ అంతా ఇక్కడే. నేను మా వాడికి చెప్పింది ఒక్కటే: స్టీరింగ్‌ని పైన పట్టుకోకు, నీ పొట్ట దగ్గరుండే అంచు పట్టుకో, ట్రక్కు ఏ గోడ వైపు వెళ్లాలో చెయ్యి ఆ గోడ వైపు జరుపు. కుడి ఎడమల లెక్క మనసులో వేసుకోనక్కర్లేదు, ముందుకి చూస్తున్నా మెడ తిప్పి వెనక్కి చూస్తున్నా తేడా రాదు. అమెరికాలో ఇల్లు మారుతూ కారుకి అద్దె ట్రైలర్ తగిలించుకున్న మా తమ్ముడికి కూడా ఫోన్లో ఇదే చెప్పాను, పనికొచ్చింది.

కానీ ట్రక్కు తిరగడం మొదలయ్యాక స్టీరింగ్ అలాగే పట్టుకుని ఉంటే క్షణాల్లో మడత పడిపోతుంది, ట్రాక్టర్ పెద్ద టైరు వెళ్లి ట్రక్కు ముందు ఇనుప చట్రానికి రాసుకుంటుంది. కాబట్టి తిరగడం మొదలవగానే చెయ్యి రెండో వైపుకి తెచ్చి, ట్రాక్టర్ ట్రక్కు వెంటే నడిచేలా చూసుకోవాలి. కొంచెం తిప్పడం, ఆగి చూడడం, మళ్లీ కొంచెం. ట్రక్కు ఎంత పొట్టిగా ఉంటే అంత త్వరగా పక్కకి పోతుంది. చెయ్యి దాటిపోతోందని అనిపిస్తే ముందుకి వెళ్లి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. అరుగు మీద వాళ్లు ఏమనుకుంటారో అని చాలామంది కుర్రాళ్లు ఇలా ముందుకి తీయడానికి మొహమాటపడతారు, గోడలు విరిగేది అప్పుడే.

నాలుగు చక్రాల ట్రక్కు అయితే ఇదేదీ పనిచేయదు. దానికి ముందు ఇరుసు కూడా విడిగా తిరుగుతుంది కాబట్టి మడతపడే చోట్లు రెండు. లోడుతో దాన్ని వెనక్కి పెట్టే అవసరమే రాకుండా, ముందుకే తిప్పుకుని బయటపడేలా దారి చూసుకోవడం మేలు.

బ్రేకులు కూడా చూసుకోవాలి. పొలంలో మలుపుల కోసం కుడి, ఎడమ పెడళ్లు విడదీసి వాడతాం కదా, ట్రక్కు తగిలించినప్పుడు ఆ రెండూ కలిపి లాక్ వేయాలి. మరిచిపోయి ఒక్కటే తొక్కితే ట్రాక్టర్ ఒక పక్కకి లాగేస్తుంది. చేతి యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించి, లో గేరులోనే వెనక్కి రావాలి.

సాయం ఉండేది ఒక్కరే, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి (పెద్దవాళ్లకి ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి). ఆ ఒక్కరు కూడా ట్రక్కుకీ గోడకీ మధ్య కాదు, డ్రైవరుకి కనిపించేలా పక్కన నిలబడాలి. ఇంజను శబ్దంలో మాటలు వినపడవు, చేతి సైగలు ముందే అనుకోండి. ఆ మనిషి కనిపించకపోతే వెంటనే ఆపేయాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ట్రక్కుని ట్రాక్టర్‌కి తగిలించి పిన్ను వేసే సమయం. ట్రాక్టర్ వెనక్కి వస్తుంటే మధ్యలో ఒకరు నిలబడి, ట్రక్కు ముందు భాగం ఎత్తి పట్టుకుని హుక్కుకి అందిస్తారు. క్లచ్ మీద కాలు జారితే ఆ మనిషి నలిగిపోతాడు. దగ్గరికి వచ్చాక ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేశాకే మధ్యలోకి మనిషి వెళ్లాలి. దయచేసి ఈ ఒక్కటైనా పాటించండి.

సాయంత్రం రెండో లోడు వచ్చింది. నేను చెప్పకుండానే వాడు దిగాడు, చుట్టూ తిరిగాడు, పక్కింటి గుమ్మం దగ్గరికి వెళ్లి పిలిచాడు. పాపని వాళ్ల నాయనమ్మ ఎత్తుకుని అరుగు మీద నిలబడ్డాకే గేరు వేశాడు.