లైనక్స్‌లో సౌండ్ తెగుతుంటే ముందు ఎర్ కాలమ్ చూడండి

సౌండ్ తెగడానికీ, ఆలస్యంగా రావడానికీ మందులు ఒకదానికొకటి పడవు. బఫర్ (సౌండ్ డేటాని ముందుగా కొంత నింపి ఉంచే చోటు) పెంచితే తెగడం తగ్గుతుంది, ఆలస్యం పెరుగుతుంది. తగ్గిస్తే ఆలస్యం పోతుంది గానీ ప్రాసెసర్‌కి ఊపిరాడదు. ఎక్కడో దొరికిన సెట్టింగ్ తెచ్చి అతికించే ముందు కొలిచి చూడమనేది అందుకే.

ఇప్పటి డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) చాలావాటిలో సౌండ్‌ని నడిపించేది పైప్‌వైర్. పాట పెట్టి, టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ (pw-top) నడపండి. క్వాంట్ (ఒక్కో విడతలో పంపే శాంపిళ్లు, అంటే బఫర్ సైజు) కింద 1024, రేట్ (సెకనుకి శాంపిళ్లు) కింద 48000 ఉంటే ఒక్కో విడతకి దాదాపు 21 మిల్లీసెకన్ల గడువు ఉన్నట్టు. ఆలోగా డేటా అందకపోతే ఎర్ (ERR) కాలమ్‌లో అంకె ఎక్కుతుంది. ఏ వరుసలో ఎక్కుతోందో గమనించండి, అసలు కీలకం అదే. ఒక్క యాప్ వరుసలోనే ఎక్కుతుంటే తప్పు ఆ యాప్‌ది. సౌండ్ కార్డ్ వరుసలో ఎక్కుతుంటే బఫర్ చాలడం లేదు. అంకె కదలకుండానే సౌండ్ తెగుతుంటే బ్లూటూత్‌నో, ప్లేయర్‌నో, నెట్‌నో అనుమానించాలి.

బఫర్ మీద అనుమానం ఉంటే పీడబ్ల్యూ-మెటాడేటా (pw-metadata) కమాండ్‌తో క్లాక్.ఫోర్స్-క్వాంటమ్ (clock.force-quantum) అనే సెట్టింగ్‌ని 2048 చేయండి. వెంటనే అమలవుతుంది, మళ్లీ 0 పెడితే పాత స్థితికి వస్తుంది, ఫైళ్లు ముట్టుకోనక్కర్లేదు. దాంతో సౌండ్ కుదుటపడితే, మీ హోమ్ ఫోల్డర్‌లోని పైప్‌వైర్ కాన్ఫిగ్‌లో డిఫాల్ట్.క్లాక్.మిన్-క్వాంటమ్‌ని (బఫర్ ఇంతకంటే తగ్గకూడదనే హద్దు) 1024 చేసి పైప్‌వైర్‌ని రీస్టార్ట్ చేయండి. చాలకపోతేనే ఇంకా పెంచండి. ఆర్‌టీకిట్ సర్వీస్ నడుస్తోందో లేదో కూడా చూడండి. ఆడియో థ్రెడ్‌కి ముందు వరుస ఇప్పించేది సాధారణంగా అదే. అది లేకపోతే పెద్ద కంపైల్ లాంటి బరువైన పని మొదలైనప్పుడల్లా సౌండ్ తడబడవచ్చు.

ప్రతి సౌండ్‌కీ మొదటి అక్షరం మింగేస్తుంటే అది వేరే జబ్బు, దానికి బఫర్‌తో పని లేదు. కాసేపు నిశ్శబ్దంగా ఉంటే కార్డ్ నిద్రలోకి జారుకుంటుంది. కార్డ్‌ని నడిపే ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవర్ పవర్‌సేవ్ విలువను 0 చేసి చూడండి. అప్పటికీ మింగేస్తుంటే పైప్‌వైర్‌కి తోడుగా పరికరాలు చూసుకునే వైర్‌ప్లంబర్‌లో సస్పెండ్-టైమవుట్‌ని కూడా 0 చేయండి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ తెరవగానే నాణ్యత పడిపోతే, ఏ2డీపీ (పాటల మోడ్) నుంచి హెచ్‌ఎఫ్‌పీకి (కాల్స్ మోడ్) మారిందన్నమాట. కాల్స్‌కి ల్యాప్‌టాప్ మైక్ ఎంచుకుంటే చాలు. ఇక ముక్కలుముక్కలుగా వస్తుంటే వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, బ్లూటూత్ డాంగిల్‌ని యూఎస్‌బీ 3 పోర్టుకి దూరంగా పెట్టండి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, ఆ పోర్టుల రొద కూడా దాని మీదే పడుతుంది.